న్యూబెరీ గెలిచిన ఫాంటసీ నవల: కమిటీ ఏం చూస్తుంది, తెలుగు పిల్లల నవలకు అందులో పనికొచ్చేది ఎంత?

విభాగం: పిల్లల పుస్తకాలు, విశాఖపట్నం

లాసన్స్‌బే_చదువరి:
కెల్లీ బార్న్‌హిల్ నవల 'ది గర్ల్ హూ డ్రాంక్ ద మూన్' 2016లో అచ్చయి, అమెరికాలో పిల్లల పుస్తకాలకిచ్చే న్యూబెరీ పతకాన్ని 2017లో గెలిచింది. అచ్చంగా ఫాంటసీ. దీన్ని ముందు పెట్టుకుని రెండు సంగతులు మాట్లాడుకుందాం: ఆ పతకం ఏ లెక్కన ఇస్తారు, తెలుగులో పిల్లల ఫాంటసీ నవల రాసేవాళ్ళకి, వేసేవాళ్ళకి దానివల్ల ఏం తెలుస్తుంది. బాగుంది, బాగాలేదు అనేదానికంటే వివరాలు రాస్తే అందరికీ ఉపయోగం.

కథ తెలియనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు. ప్రొటెక్టరేట్ అనే ఊళ్ళో ఏటా ఒక పసిబిడ్డను మంత్రగత్తె కోసమని అడవిలో వదిలేస్తారు. మంత్రగత్తె అంటూ ఎవరూ లేరనే ఊరి పెద్దల నమ్మకం. కానీ జనం భయపడితే పెత్తనం సాగుతుంది కాబట్టి ఆచారాన్ని నిలబెడతారు. చిత్రమేమిటంటే అడవిలో జ్యాన్ అనే మంత్రగత్తె నిజంగానే ఉంది. ఈ పిల్లల్ని ఎందుకు వదిలేస్తున్నారో ఆవిడకి అర్థం కాదు. ఎత్తుకెళ్ళి అడవి అవతలి ఊళ్ళలో పెంపకానికి ఇస్తుంది, దారిలో ఆకలేస్తే నక్షత్రాల వెలుగు తాగిస్తుంది. ఒకసారి చూసుకోక ఒక బిడ్డకి వెన్నెల తాగించేస్తుంది. ఆ బిడ్డే లూనా. ఒంట్లో మంత్రశక్తి నిండిపోయిన పిల్లను ఎవరికీ ఇవ్వలేక తనే పెంచుకుంటుంది.

మద్దిలపాలెం_మాస్టారు:
ముందు పతకం సంగతి. జాన్ న్యూబెరీ 18వ శతాబ్దపు లండన్ పుస్తక వ్యాపారి, పిల్లలకోసం ప్రత్యేకంగా పుస్తకాలు వేసినవాళ్ళలో మొదటి వరసవాడు. ఆయన పేరు మీద అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ 1922 నుంచి ఏటా ఈ పతకం ఇస్తోంది. ఇచ్చేది పిల్లల విభాగం లైబ్రేరియన్లు. పత్రికల వాళ్ళకీ ప్రచురణకర్తలకీ ఇందులో ఓటు లేదు.

అర్హత మూడు ముక్కల్లో తేలిపోతుంది. రచయిత అమెరికా పౌరుడో, అక్కడ నివాసం ఉంటున్నవాడో కావాలి. పుస్తకం అంతకుముందు ఏడాది అమెరికాలో వచ్చి ఉండాలి. 14 ఏళ్ళ వరకు ఉన్న పిల్లలను దృష్టిలో పెట్టుకుని రాసింది కావాలి.

ఫాంటసీకి ఇది కొత్త గౌరవం కాదు. 1963లో 'ఎ రింకిల్ ఇన్ టైమ్', 1969లో 'ది హై కింగ్', 1976లో 'ది గ్రే కింగ్', 1985లో 'ది హీరో అండ్ ద క్రౌన్', 2004లో 'ది టేల్ ఆఫ్ డెస్పరో', 2009లో 'ది గ్రేవ్‌యార్డ్ బుక్'. వీటిలో మొదటిదాన్ని ఇరవైమందికి పైగా ప్రచురణకర్తలు తిప్పి పంపారు. చివరిది మరుసటి ఏడాది బ్రిటన్‌లో కార్నెగీ పతకం కూడా గెలిచింది, రెండూ ఒకే పుస్తకానికి రావడం అదే మొదలు. 1953లో మాత్రం 'షార్లట్స్ వెబ్' పతకం దాకా రాలేక ఆనర్ (పతకం తర్వాతి మెట్టు గుర్తింపు) దగ్గర ఆగిపోయింది. ఇవాళ ఆ సాలీడు కథ తెలియని పిల్లల గ్రంథాలయం ఉండదు, ఆ ఏడు పతకం పట్టుకెళ్ళిన పుస్తకం పేరు చెప్పమంటే చాలామంది ఆగుతారు. పతకం ఒక ఏడాది, ఒక గదిలో కూర్చున్న కొంతమంది తీర్పు. దాన్ని అంతవరకే చూడాలి.

భీమిలి_లాంతరు:
మాస్టారూ, మరి హ్యారీ పాటర్‌కి న్యూబెరీ ఎందుకు రాలేదని పిల్లలు అడుగుతుంటారు. రచయిత్రి బ్రిటన్ మనిషి కాబట్టి పరిశీలనకే రాదు, అంతేనా? ఓటింగులో 15 మందిలో 8 మంది ఒక పుస్తకాన్ని మొదటి స్థానంలో పెడితే అదే గెలిచినట్టేనని కూడా విన్నాను.

కంబాలకొండ:
హ్యారీ పాటర్ విషయం అంతే. ఓటింగు విషయంలో ఇంకో మెట్టుంది.

కమిటీలో 15 మంది. ఏడాది పొడవునా చదువుతూ, నెలనెలా సూచనలు ఇచ్చుకుంటూ, ఏడాది చివర్లో విడతలవారీగా రాతపూర్వకంగా నామినేషన్లు వేస్తారు. తర్వాత తలుపులు మూసి కూర్చుంటారు. అక్కడ జరిగిన మాటలు బయటకి చెప్పకూడదు. చర్చ అయ్యాక ప్రతి సభ్యుడూ మూడు పుస్తకాలు రాసిస్తాడు: మొదటిదానికి 4 పాయింట్లు, రెండోదానికి 3, మూడోదానికి 2. గెలవాలంటే కనీసం 8 మొదటి ఓట్లు రావాలి, దానిపైన రెండో స్థానంలో ఉన్న పుస్తకం కంటే 8 పాయింట్లు ముందుండాలి.

లెక్క వేసి చూడండి. ఒక పుస్తకానికి 8 మొదటి ఓట్లు, 3 రెండో ఓట్లు, 2 మూడో ఓట్లు వచ్చాయనుకుందాం: 32, 9, 4 కలిపి 45. ఇంకోదానికి 5 మొదటి ఓట్లు, 6 రెండో ఓట్లు, 2 మూడో ఓట్లు: 20, 18, 4 కలిపి 42. మొదటిదానికి సగానికి మించి మొదటి ఓట్లున్నాయి, అయినా గెలవలేదు. తేడా 3 మాత్రమే. మళ్ళీ చర్చ, మళ్ళీ ఓటు.

ఎందుకిలా పెట్టారంటే, 8 మంది ప్రాణం పెట్టి, మిగిలిన 7గురు ముట్టుకోని పుస్తకం కంటే, మొదటి ఓటు వేయనివాళ్ళు కూడా రెండో స్థానమో మూడో స్థానమో ఇవ్వగలిగిన పుస్తకం బయటకి రావాలని. ఫాంటసీకి ఈ పద్ధతిలో ఒక చిక్కుంది. డ్రాగన్లూ మంత్రాలూ అంటేనే గిట్టని చదువరులు ప్రతి కమిటీలోనూ ఒకరిద్దరుంటారు. వాళ్ళు కూడా కనీసం మూడో ఓటు వేయాలంటే ఆ నవలలో మంత్రం తీసేసినా నిలబడే మనుషులుండాలి. బార్న్‌హిల్ నవలలో పిల్లను పోగొట్టుకుని గోపురంలో బందీగా ఉన్న తల్లి అలాంటి పాత్ర.

గోపాలపట్నం_అమ్మ:
మన పిల్లల పుస్తకాల పోటీల్లో మొదట చూసేది 'ఈ కథలో నీతి ఏమిటి' అని. వాళ్ళ నిబంధనల్లో దానికెన్ని మార్కులు? మా అపార్ట్‌మెంటు పిల్లల లైబ్రరీకి పుస్తకాలు ఎంచేటప్పుడు పెద్దవాళ్ళు ప్రతిసారీ అదే అడుగుతారు, ఏం చెప్పాలో తెలిస్తే బాగుంటుంది.

కంబాలకొండ:
సున్నా అండి. నిబంధనల్లోనే స్పష్టంగా రాసుంది, ఈ పతకం సాహిత్య విలువకి, పిల్లలకి తగినట్టు చెప్పడానికి. నీతిబోధకీ కాదు, జనాదరణకీ కాదు.

చూసేవి ఇవి: ఇతివృత్తాన్ని ఎలా పట్టుకున్నారు, సమాచారం ఉంటే అది సరిగ్గా, స్పష్టంగా, ఒక వరసలో ఉందా, కథ ఎలా ముడిపడింది, పాత్రలు, స్థలకాలాలు, శైలి. అన్నిట్లోనూ గొప్పగా ఉండక్కర్లేదు, ఆ పుస్తకానికి ఏవి అవసరమో వాటిలో ఉంటే చాలు. బొమ్మల్ని లెక్కలోకి తీసుకోరు, వాచకాన్ని దెబ్బతీసేలా ఉంటే తప్ప. రచయిత ఇదివరకు ఎన్ని రాశాడు, ఎన్నిసార్లు గెలిచాడు అన్నదీ చూడకూడదు.

మీ లైబ్రరీ పెద్దవాళ్ళకి నేనైతే ఇలా చెబుతాను. లూనా కథలో ఊరి పెద్దలు అబద్ధం చెప్పి పిల్లల్ని బలిస్తారని పదేళ్ళ పిల్ల చదివితే, 'పెద్దవాళ్ళు చెప్పేదంతా నిజం కాదు' అన్నది తనకే తడుతుంది. అదే వాక్యాన్ని చివరి పేజీలో తాతగారి నోట పలికిస్తే, అప్పటిదాకా ఆలోచిస్తున్న పిల్ల ఆలోచన మానేస్తుంది. తెలుగు రాతప్రతుల్లో నాకు ఎక్కువగా కనబడే లోపం ఇదే: 120 పేజీలు చక్కగా నడిచిన కథ చివరి రెండు పేజీల్లో ఉపన్యాసమైపోతుంది. ఆ రెండు పేజీలు చింపి చదివి చూడండి. కథ అర్థమైతే అవి అక్కర్లేనివి. అర్థం కాకపోతే లోపం ముందు పేజీల్లో ఉంది, దిద్దుబాటు అక్కడ చెయ్యాలి.

తొట్లకొండ_మెట్లు:
ఫాంటసీలో కథ ముడిపడటమంటే సగం పైగా మంత్రానికున్న నియమాలే. ఈ నవల ఆ పనిని ఎంత గట్టిగా చేసిందో చెబుతాను, కథ చివర తెలుసుకోవద్దనుకునేవాళ్ళు ఈ పోస్టు దాటేయండి.

లూనాకి ఐదేళ్ళప్పుడు ఆమె శక్తి అదుపు తప్పి, చేతికందిన ప్రతిదాన్నీ మార్చేస్తుంటుంది. జ్యాన్ ఆ శక్తిని పదమూడో పుట్టినరోజుదాకా లోపల బిగించేస్తుంది. ఇంతవరకు ఎవరైనా రాస్తారు. బార్న్‌హిల్ గొప్పతనం తర్వాతి అడుగులో ఉంది. ఆ బిగింపువల్ల 'మంత్రం' అన్న మాట కూడా లూనా బుర్రలో నిలవదు. ఎవరైనా అంటే కళ్ళు శూన్యంగా అయిపోతాయి. అంటే పదమూడేళ్ళకి ఆ శక్తి విప్పుకునేసరికి దాన్ని ఎలా వాడాలో ఆమెకు ముందుగా నేర్పడానికి దారే లేదు. రెండోది, లూనా శక్తి తెరుచుకునేకొద్దీ జ్యాన్ శక్తి హరించుకుపోతుంది, చివరికి ప్రాణం మీదికి వస్తుంది. ఒక్క నిర్ణయం, దానిలోంచి రెండు నష్టాలు, కథ మొత్తం వాటిమీదే నడిచింది.

ఇంకోవైపు సిస్టర్ ఇగ్నేషియా జనం దుఃఖాన్ని తిని బతుకుతుంది. కాబట్టి ఏటా ఒక తల్లి ఏడవడం ఆమెకి అవసరం. ఊరి ఆచారానికీ ప్రతినాయికకీ లంకె అక్కడుంది.

రాసేవాళ్ళకి దీన్ని పనిలోకి దించే పద్ధతి: ఒక కాగితం తీసుకుని నాలుగు గళ్ళు గీయండి. ఈ శక్తి ఏం చేయగలదు, ఏం చేయలేదు, వాడినవాళ్ళకి ఏం పోతుంది, ఎవరికి తెలుసు. ప్రతి అధ్యాయం పూర్తయ్యాక ఆ కాగితంతో సరిచూడండి. ఎక్కువగా చెడేది రెండో గడి. ఎనిమిదో అధ్యాయంలో మాంత్రికుడు గోడ దాటలేకపోయాడు, పదిహేడో అధ్యాయంలో దాటేశాడు, మధ్యలో ఏమీ మారలేదు. పెద్దవాళ్ళు ఊరుకుంటారేమో గానీ, పదకొండేళ్ళ పిల్ల వేలెత్తి చూపిస్తుంది. మూడో గడి ఖాళీగా ఉంటే ఆ నవలలో ఉత్కంఠ ఉండదు, ఎందుకంటే ఎంత కష్టమొచ్చినా మంత్రం వేస్తే తీరిపోతుందని రెండో అధ్యాయానికే తెలిసిపోతుంది.

లాసన్స్‌బే_చదువరి:
మనకి ఈ సంప్రదాయం లేక కాదు. 'చందమామ' 1947 జులైలో మొదలైంది. 1954లో 'తోకచుక్క'తో దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియళ్ళు మొదలయ్యాయి. 'మకరదేవత', 'ముగ్గురు మాంత్రికులు', 'పాతాళదుర్గం', 'రాకాసిలోయ' – తరాల తరబడి పిల్లలు నెల నెలా ఎదురుచూసి చదివారు. పత్రికలో రచయిత పేరు వేసేవారు కాదు. మన జిల్లాకి దగ్గర సంబంధం ఇంకొకటుంది: ఆ పత్రికకి ముఖచిత్రాలు వేసిన వడ్డాది పాపయ్య గారు శ్రీకాకుళంలో పుట్టి, చివరిరోజులు అనకాపల్లి దగ్గర కశింకోటలో గడిపారు.

పిల్లల ఫాంటసీ మనకి పుట్టింది సీరియల్‌గా. పతకాలు ఇచ్చేది నవలకి. ఈ రెండిటి నిర్మాణం ఒకటి కాదు. సీరియల్లో ప్రతి భాగం నాలుగైదు పేజీలు, చివర ఒక ప్రమాదం, తర్వాతి నెల మొదట్లో 'జరిగిన కథ'. అవన్నీ కుట్టి పుస్తకం చేస్తే ప్రతి ఐదో పేజీకీ ఒక కేక వినబడుతుంది, పాఠకుడు పదోసారికి బెదరడం మానేస్తాడు. పాత్రలు కూడా ఒకచోటినుంచి ఇంకోచోటికి సాహసాలు దాటుకుంటూ పోతాయిగానీ లోపల మారవు. నెలకోసారి చదివేవాడికి ఆ పాత్ర ఎప్పుడు తెరిచినా గుర్తుపట్టేలా ఉండాలి కాబట్టి అది అక్కడ అవసరమైన గుణమే.

ఇప్పుడు రాసేవాళ్ళు ఆ సీరియళ్ళ వేగం తీసుకోవాలి, వాక్యం కురచదనం తీసుకోవాలి. కొండలూ లోయలూ గుహలూ ఎంత స్పష్టంగా కళ్ళకి కట్టాయో అదీ తీసుకోవాలి. అధ్యాయం ముగింపులు మాత్రం ఒకే తీరుగా ఉండకూడదు. వరసగా మూడు అధ్యాయాలు ప్రమాదంతో ఆగితే నాలుగోది ఒక ప్రశ్నతోనో, ఒక నిర్ణయంతోనో ఆపండి. ఏదైనా సీరియల్‌ని నవలగా మార్చే పని పెట్టుకుంటే మొదట 'జరిగిన కథ' ముక్కలన్నీ తీసేసి, పాత్ర తీసుకున్న నిర్ణయాలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. జరిగినవే తప్ప తీసుకున్న నిర్ణయాలు లేకపోతే కొత్తగా రాయాల్సిందే, అతుకులు సరిపోవు.

భీమిలి_లాంతరు:
స్థలం గురించి నాదొక మాట. విశాఖ తీరాన్ని పెట్టుకుని ఫాంటసీ రాస్తామనేవాళ్ళు పెరిగారు, సంతోషం. ఎర్రమట్టి దిబ్బలు, బొర్రా గుహలు, బావికొండ, డాల్ఫిన్స్ నోస్ – ఇంత సరుకు పక్కనే ఉంది. కానీ ఊహాలోకం నమ్మించాలంటే నిజలోకం తప్పులుండకూడదు.

తరచూ వచ్చే తప్పులు చెబుతాను. ఆర్కే బీచ్‌లో సూర్యుడు సముద్రంలో అస్తమించడు. మనది తూర్పు తీరం, ఉదయించేది నీళ్ళమీద, అస్తమించేది కొండల వెనక. చంద్రుడి విషయంలో ఇంకా ఎక్కువ తప్పుతారు. పున్నమి చంద్రుడు పొద్దుగూకే వేళకి సముద్రంమీంచి లేస్తాడు, సరే. అమావాస్య తర్వాత సన్నటి నెలవంక మాత్రం సాయంత్రం పడమటి వైపు కొండలమీద కనబడి కాసేపటికి దిగిపోతుంది. అది రాత్రిపూట సముద్రంలోంచి పైకి రాదు. సన్నటి వంక నీళ్ళమీంచి లేవాలంటే అమావాస్యకి ముందు రోజుల్లో, తెల్లవారుజామున. వెన్నెలమీద కథ కట్టేవాళ్ళు పంచాంగం దగ్గర పెట్టుకుని తిథి, గంట రాసుకోవాలి.

ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు ఇక్కడి ఇసుకలో గుడ్లు పెట్టేది చలికాలం చివర. పిల్లలు రావడానికి సుమారు 45 నుంచి 55 రోజులు. అవి ఎక్కువగా రాత్రిపూట బయటపడి వెలుతురున్న వైపు నడుస్తాయి, వీధి దీపాలుంటే రోడ్డు వైపు తప్పిపోతాయి. ఫాంటసీ రాసేవాడికి ఇది ఎంత పెద్ద కానుకో చూడండి: చంద్రుణ్ణి ఎవరో దొంగిలిస్తే ఆ పిల్లలు ఎటు నడుస్తాయి? అలాగే బొర్రాలో సున్నపురాయి స్తంభాలు నీటిబొట్టు వెంట నీటిబొట్టు కారి వేల ఏళ్ళలో పేరుకున్నవి. ఒక వారంలో పెరిగితే దానికి మీ నవలలో కారణం ఉండాలి, ఆ కారణం తొట్లకొండ గారి నాలుగు గళ్ళ కాగితంలో ఉండాలి.

సిరిపురం_సీతాకోక:
మన దగ్గర దీనికి సమానమైనది కేంద్ర సాహిత్య అకాడమీ బాల సాహిత్య పురస్కారమే కదా? ఫాంటసీ నవలకి అందులో చోటుందా? ఏ ఏడు వేసిన పుస్తకం ఏ ఏటికి పనికొస్తుంది?

మద్దిలపాలెం_మాస్టారు:
అదే అమ్మా. 2010లో మొదలైంది. 24 భాషల్లో భాషకొకటి, 50,000 రూపాయలు, తామ్రఫలకం. తెలుగులో మొదటి ఏడాదే ఒక నవలకి వచ్చింది: కలువకొలను సదానంద గారి 'అడవితల్లి'. 2019లో మన ఉత్తరాంధ్రకి, పార్వతీపురం బెలగాం భీమేశ్వరరావు గారి కథల సంపుటికి వచ్చింది. 2024లో పి. చంద్రశేఖర్ ఆజాద్ గారి నవల 'మాయాలోకం'కి ఇచ్చారు. కాబట్టి నవలకి దారి ఉంది, ఊహా ప్రపంచానికి అడ్డమేమీ లేదు.

న్యూబెరీతో తేడాలు గమనించు. న్యూబెరీ ఒక్క ఏడాది పుస్తకాలనే చూస్తుంది. మనది ఐదేళ్ళ కిటికీ: 2024 పురస్కారానికి 2018 జనవరి నుంచి 2022 డిసెంబరు దాకా మొదటిసారి అచ్చయినవి. అంటే పురస్కారం ఏటికి వెంటనే ముందున్న ఏడాది లెక్కలోకి రాదు. అక్కడ 15 మంది ఏడాదంతా చదువుతారు, ఇక్కడ చివరి నిర్ణయం ముగ్గురు న్యాయనిర్ణేతలది. మొదటి దశాబ్దంలో పుస్తకానికి బదులు రచయిత మొత్తం సేవకి కూడా ఇవ్వొచ్చనే వెసులుబాటు ఉండేది, తెలుగులో కొన్నిసార్లు అలాగే ఇచ్చారు. పెద్దల్ని గౌరవించడం మంచిదే. కానీ ఒక పుస్తకం ఎందుకు మంచిదో తేల్చి చెప్పే అలవాటు దానివల్ల పెరగదు, అది నా గట్టి అభిప్రాయం.

పనికొచ్చే జాగ్రత్త ఒకటే: పుస్తకం రెండో పేజీలో 'ప్రథమ ముద్రణ' నెల, ఏడాది తప్పకుండా వేయించు. ఏడాది లేని పుస్తకం, లేదా పునర్ముద్రణ తేదీ మాత్రమే ఉన్న పుస్తకం అర్హత దగ్గరే ప్రశ్నలో పడుతుంది. మిగతావి ఆ ఏటి ప్రకటన చదివి చెయ్యి, పాత ఏడాది కాగితం పట్టుకుని పంపకు.

అచ్చుమిషను:
రెండో పేజీ మాట వచ్చింది కాబట్టి అచ్చు సంగతులు.

ఐఎస్‌బీఎన్ (ప్రతి పుస్తకానికీ ఇచ్చే గుర్తింపు సంఖ్య) మన దేశంలో ఉచితం. రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ సంస్థ ఇస్తుంది, ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకోవాలి. పుస్తకం ప్రెస్సుకి వెళ్ళాక గుర్తుకొస్తే లాభం లేదు, ముందే చెయ్యండి. 1954 చట్టం ప్రకారం అచ్చయిన 30 రోజుల్లో కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి, మరో మూడు నిర్దేశిత గ్రంథాలయాలకి ప్రతులు పంపాలి. చిన్న ప్రచురణకర్తలు చాలామంది దీన్ని వదిలేస్తారు. ఆ పుస్తకం ఫలానా ఏడాది ఉందని రుజువు చూపాల్సి వస్తే అదే ఆధారం, కాబట్టి వదలొద్దు.

సైజు: పిల్లల నవలకి డెమ్మీ కాగితంలో ఎనిమిదో వంతు చాలు. ఒక ఫారానికి (కలిపి అచ్చేసి మడిచే పేజీల కట్ట) 16 పేజీలు. 160 పేజీలంటే సరిగ్గా 10 ఫారాలు. 163 పేజీలకి పోతే పదకొండో ఫారం కావాలి, అందులో 13 పేజీలు ఖాళీ. అందుకే డీటీపీ అయ్యాక పేజీల సంఖ్య చూసి ఒక బొమ్మ తీసేయడమో కలపడమో చేస్తాం.

అక్షరం: 9–12 ఏళ్ళవాళ్ళకి 14 పాయింట్లు, ఒక వరస నుంచి తర్వాతి వరసకి 20 దాకా. ఇంగ్లీషు పుస్తకం చూసి ఖాళీ తగ్గిస్తే పై వరస వత్తు కింది వరస గుడిని తాకుతుంది, 'స్త్రీ', 'రాష్ట్రం' లాంటి మాటల దగ్గర పిల్లలు తడబడతారు. యూనికోడ్ ఫాంటులోనే చేయించండి, మండలి లాంటిది వాచకానికి బాగుంటుంది. పాత అను ఫాంటుల్లో చేస్తే తర్వాత ఈ-బుక్ చేయాలన్నప్పుడు మార్చాలి, మార్చేటప్పుడు వత్తులు, పొల్లులు చెదిరి మొత్తం మళ్ళీ ప్రూఫు చూడాల్సి వస్తుంది.

బైండింగు: ఇది విశాఖ, ఉప్పుగాలి. మధ్యలో పిన్ను కొట్టిన పుస్తకానికి బీచ్ వైపు ఇళ్ళల్లో వానాకాలం గడిచేసరికి పిన్ను తుప్పు పట్టి, చుట్టూ కాగితం గోధుమరంగుకి తిరిగి చిరుగుతుంది. ఉత్త జిగురు బైండింగు తేమకి వదులై, పిల్లలు పుస్తకాన్ని వెనక్కి విరిచి పట్టుకుంటే మధ్య ఫారం ఊడొస్తుంది. 100 పేజీలు దాటితే ఫారాలు దారంతో కుట్టించి ఆపైన జిగురు వేయించండి. ఖర్చు కాస్త పెరిగినా లైబ్రరీ ప్రతికి అదొక్కటే మార్గం. కాగితం 70 జీఎస్‌ఎం (చదరపు మీటరుకి 70 గ్రాముల బరువు) మ్యాప్‌లిథో. అంతకంటే పలచనైతే వెనకవైపు బొమ్మ ఇవతలికి కనబడుతుంది.

గోపాలపట్నం_అమ్మ:
చాలా ఉపయోగంగా ఉంది. ఇంకో సందేహం. న్యూబెరీ గెలిచిన నవలని తెలుగు చేసి, లాభం లేకుండా పిల్లలకి జెరాక్సు తీసి పంచితే తప్పా?

కంబాలకొండ:
లాభం తీసుకోకపోయినా అనువాద హక్కు రచయితదే. అచ్చువేసి పంచాలంటే ప్రచురణకర్త ద్వారానో ఏజెంటు ద్వారానో రాతపూర్వక అనుమతి కావాలి. అడిగేటప్పుడు భాష, ఎన్ని ప్రతులు, ఎంత ధర, ఎన్నేళ్ళకి, ఈ-బుక్ కూడానా అనేవి ఒకే ఉత్తరంలో రాయండి. 'మీ పుస్తకం మాకు చాలా ఇష్టం' అని మాత్రమే రాసిన ఉత్తరానికి జవాబు రావడం కష్టం. బొమ్మల హక్కు, అట్ట హక్కు మళ్ళీ వేరు.

హక్కుల బెడద లేకుండా చేయదగ్గది ఒకటుంది. 1928 న్యూబెరీ ధనగోపాల్ ముఖర్జీ 'గే నెక్'కి వచ్చింది. ఆయన కలకత్తా దగ్గర పుట్టినవాడు. కలకత్తాలో పెంచిన ఒక పావురం, హిమాలయాలు, మొదటి ప్రపంచ యుద్ధం, మధ్యమధ్యలో పావురమే తన కథ చెప్పుకోవడం. పూర్తి ఫాంటసీ అనలేం గానీ పక్షి గొంతు ఉన్నంత మేర ఊహే. ముఖర్జీ 1936లో చనిపోయారు. మన చట్టంలో రచయిత మరణించిన తర్వాతి ఏడాది నుంచి 60 ఏళ్ళు లెక్క, అంటే 1996తో గడువు తీరింది. ఎవరైనా తెలుగు చేయొచ్చు. బొమ్మలు వేసిన బోరిస్ ఆర్ట్జీబాషెఫ్ మాత్రం 1965లో పోయారు, ఆయన లెక్క వేరే వేసుకోవాలి. కొత్త బొమ్మలు వేయించుకోవడం మేలు.

తొట్లకొండ_మెట్లు:
అనుమతి వచ్చేలోపు లూనా కథని మీ లైబ్రరీలో కొన్న ప్రతి పెట్టుకుని నోటితో తెలుగులో చెప్పొచ్చు కదా అక్కా, పిల్లలకి కావలసింది కథే. చేసే పద్ధతి చెబుతాను.

అధ్యాయాలు చిన్నవి, కూర్చున్నప్పుడు రెండుకి మించొద్దు. 25 నిమిషాలు దాటితే ఎనిమిదేళ్ళవాళ్ళు జారిపోతారు. కథ మధ్యలో అక్కడక్కడా ఎవరో పెద్దవాళ్ళు ఒక పిల్లకి మంత్రగత్తె గురించి చెబుతున్నట్టు చిన్న అధ్యాయాలొస్తాయి, పేర్లు ఉండవు. వాటిని వేరే గొంతుతో, వీలైతే వేరే మనిషితో చదివించండి. లేకపోతే పిల్లలు ప్రధాన కథలో కలిపేసుకుని అయోమయపడతారు. ప్రొటెక్టరేట్, లూనా, బుల్లి డ్రాగన్ ఫిరియన్ లాంటి పేర్లు మార్చకండి, ఊరు ఊళ్ళాగే, పిల్ల పిల్లలాగే ఉండనివ్వండి. చిత్తడినేల రాక్షసుడు గ్లెర్క్ కవిత్వం చెబుతాడు, ఆ కవిత్వాన్ని మాటకి మాట తెలుగు చేయబోతే చచ్చుబడుతుంది. అర్థం పట్టుకుని ఆటవెలది నడకలో రెండు పాదాలుగానో, మామూలు లయలోనో చెప్పండి.

మొదటి అధ్యాయాల్లో బిడ్డను తల్లి దగ్గర్నుంచి లాక్కునే ఘట్టం ఉంది. చిన్నపిల్లలున్న గుంపులో దాన్ని కురచగా చెప్పి, జ్యాన్ బిడ్డని ఎత్తుకునేదాకా అదే రోజు పూర్తిచేయండి. మధ్యలో ఆపి ఇంటికి పంపితే రాత్రి నిద్రపోరు.

గోపాలపట్నం_అమ్మ:
అలాగే తమ్ముడూ. ఈ ఆదివారం మొదలుపెడతాం. రెండో గొంతుకి డిగ్రీ చదివే అమ్మాయి ఒకరు ముందుకొచ్చారు. 'గే నెక్' తెలుగు చేయాలనుకునేవాళ్ళు ఎవరైనా ఉంటే వేరే చర్చ తెరవండి, ప్రూఫులు చూడటానికి మా లైబ్రరీ నుంచి ఇద్దరం ఉన్నాం.

అచ్చుమిషను:
తెరిస్తే పేజీల అంచనా నేను వేసిస్తాను. ముందు ఒక్క అధ్యాయం తెలుగు చేసి యూనికోడ్‌లో పంపండి, 14 పాయింట్లలో పెట్టి చూస్తే మొత్తం ఎన్ని ఫారాలో తేలుతుంది.